బృహద్ధమని ఉబ్బితే ఆపరేషన్ ఎప్పుడు?

గుండె నుంచి ఒళ్లంతటికీ రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం బృహద్ధమని. కొందరికి అది ఛాతీలో ఉబ్బుతుంది. చాలామందికి నొప్పే ఉండదు. ఏ ఎకో పరీక్షలోనో బయటపడుతుంది.

మరి వెంటనే ఆపరేషనా? అందరికీ అక్కర్లేదు. ఉబ్బిన నాళం చీలే ముప్పు ఆపరేషన్ ముప్పును మించితేనే చేస్తారు. గుండెకు దగ్గరి భాగంలో వెడల్పు 5.5 సెంటీమీటర్లకు చేరితే సాధారణంగా ఆపరేషన్ చేయించుకోమంటారు. మార్ఫాన్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బు ఉన్నా, ఇంట్లో ఎవరికైనా ఈ నాళం చీలినా, ఏడాదిలో అర సెంటీమీటరు పెరిగినా ఇంకా ముందే.

అంతవరకూ? బీపీ అదుపులో ఉంచండి. పొగ తాగడం మానండి. పాత స్కాన్ రిపోర్టులు దాచండి. పెరుగుదల తెలిసేది వాటితోనే. ఛాతీలోనో వీపులోనో హఠాత్తుగా భరించలేని నొప్పి వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

గుర్తుంచుకోండి: ఎంత ఉంది, ఎంత వేగంగా పెరుగుతోంది, కుటుంబంలో ఎవరికైనా ఉందా? మొదటి రెండూ డాక్టరుగారిని అడగండి, మూడోది మీరే చెప్పండి.