అడవి చూడబోవు పిల్లలకు ఇంట సిద్ధపరుపవలసినవి
(గౌనిపల్లిలో తలిదండ్రుల సభయందు చేసిన ప్రసంగము)



రాబోవు దసరా సెలవులలో తొమ్మిదవ తరగతి పిల్లలను శివమొగ్గ జిల్లా, తీర్థహళ్ళి తాలూకాలోని ఆగుంబెకు తీసికొని పోవలెనని ఉపాధ్యాయులమందరము నిశ్చయించితిమి. అచ్చట రోములస్ విటేకర్ గారు 2005లో నెలకొల్పిన వర్షారణ్య పరిశోధన కేంద్రము కలదు. కేంద్రము వారికిని, అటవీశాఖ వారికిని అనుమతి కోరుచు లేఖలు వ్రాసితిమి. జాబితాలో ఇప్పటికి 31 పేర్లు చేరినవి. అందులో ఆడపిల్లలు ఆరుగురే. తరగతిలో సగమునకు మించి వారే కదా, మిగిలినవారు ఏమైరి? మీరు పంపుటకు జంకుచున్నారు. ఆ జంకు ఊరకనే పుట్టినది కాదు. కనుక ప్రయాణపు వివరములన్నియు, భయపడదగినవి కూడ దాచక, మీ ముందుంచుచున్నాము.

ఇంత దూరమేల యని కొందరడిగిరి. మన కోలారు జిల్లాలో ఏడాదికి కురియు వాన సుమారు 700 మిల్లీమీటర్లు. ఆగుంబెలో అది 7,000 మిల్లీమీటర్లకు పైబడును. ఇక్కడ వేయి అడుగులు దించినను బోరుబావిలో తడి కానరాని చేలు ఎన్నియో మీ యెరుకలోనివే. చెరువు నిండుటయే పండుగగా పెరిగిన బిడ్డకు వర్షారణ్యమను పాఠమును నల్లబల్లపై ఎన్ని బొమ్మలు గీసి చెప్పినను అది వట్టి మాటగానే మిగులును. ఒక్క రాష్ట్రములోనే పది రెట్ల వాన యెట్లు కురియునో, దానివలన చెట్టు, పురుగు, ఇల్లు, తిండి యెట్లు మారునో కన్నులతో చూడవలసినదే.

ఇక కాలమును గూర్చి. వేసవి సెలవులలో పోరాదా యని యడుగుట సహజమే. పోరాదు. కారణము కోతిజ్వరము. ఆ వ్యాధిని మొట్టమొదట 1957లో శివమొగ్గ జిల్లాలోని క్యాసనూరు అడవియందే గుర్తించిరి. అందుచేత దానికి ఆ అడవి పేరే పెట్టిరి. కన్నడిగులు మంగన కాయిలె అందురు. అడవిలోని పిడుదులు కుట్టుటచేత అది కోతులకును మనుష్యులకును సోకును. ఇంతకు మునుపు వేయుచుండిన టీకాను ఫలము చాలదని 2022లో నిలిపివేసిరి. ఈ జ్వరము డిసెంబరు మొదలుకొని మే వరకు ఎక్కువ. ఆషాఢ శ్రావణములలో పోదమన్నచో వాన తెరపి యియ్యదు. అందుచేత పెద్దవాన తగ్గి, జ్వరకాలము రాకమునుపు గల దసరా దినములనే యెంచుకొంటిమి. అప్పుడును చచ్చిన కోతి కనబడిన తావునకు ఎవరిని పోనీయము. సాయంకాలము బసకు రాగానే ప్రతి బిడ్డయు ఒడలు చూచుకొని, వేడినీళ్ళ స్నానము చేసి, బట్టలు మార్చవలెను. తిరిగి వచ్చిన రెండు వారములలో జ్వరము తగిలినచో, ఇంటి మందులతో కాలము గడపక, వైద్యునికి పిల్లవాడు మలెనాడు పోయి వచ్చెనని తప్పక చెప్పుడు. ఈ ఒక్క మాట మరువకుడు.

జలగలను గూర్చి తల్లులు ఎక్కువ అడుగుచున్నారు. అవి యుండును. మన చెరువులోని జలగ నీటిలో నుండును, అక్కడిది తడి ఆకులలో నుండి కాలిపైకి ప్రాకును. నొప్పి తెలియదు. రక్తము కొంతసేపు ఆగక కారుటచేత చూచుటకు భయము గొలుపును గాని ప్రాణభయము లేదు. పెరికి లాగక, గోటితో మెల్లగా ప్రక్కకు జరిపి తీసి, సబ్బుతో కడిగినచో చాలును. మోకాలివరకు వచ్చు మేజోళ్ళు ఉన్నచో చాలవరకు తప్పించుకొనవచ్చును.

పాముల సంగతి. ఆగుంబె రాచనాగులకు పేరుపడిన చోటు. విటేకర్ గారు అక్కడ మొదటి రాచనాగును 1971లో చూచిరి. పడమటి కనుమలలోని ఈ జాతికి 2024లో శాస్త్రజ్ఞులు కాళింగ యను కన్నడపు పేరునే శాస్త్రనామములో చేర్చిరి. పాములలో ఆకులు ప్రోగుచేసి గూడు కట్టునది ఇది యొక్కటే. ఇతర సర్పములే దీని ఆహారము. మన ఆసుపత్రులలోని విషపు విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర యను నాలుగింటి కొరకు చేసినది. రాచనాగు కొరకు చేసినది కాదు. ఇది దాచుట ధర్మము కాదు. అయినను రాచనాగు మనిషిని చూచి తొలగిపోవు జంతువు, దాని కాటు మిక్కిలి అరుదు. పై నాలుగు పాములో, రాత్రిపూట చేనికి నీరు కట్టబోవు మీ కాళ్ళ దగ్గరనే తిరుగుచున్నవి! అడవిలో పిల్లలు బూట్లు లేక అడుగు పెట్టరు, దీపము లేక రాత్రి బయటికి రారు, ఆకుల కుప్పలో చేయి పెట్టరు. ఇంటి దగ్గర కూడ ఇంత జాగ్రత్త యున్నదా యని మాకు సందేహమే.

ప్రయాణము పాఠశాల కుదిర్చిన బస్సులో జరుగును. రాత్రి ప్రయాణము పెట్టుకొనలేదు. తెల్లవారుజామున బయలుదేరి చింతామణి, బెంగుళూరు మీదుగా సాయంకాలమునకు శివమొగ్గ చేరి అచ్చట రాత్రి బస. మరునాడు తీర్థహళ్ళి మీదుగా పోవుచు కుప్పళిలో కువెంపుగారి యిల్లు చూతుము. మన పిల్లలు కన్నడ వాచకములో చదువుకొన్న కవి యింటి గడప త్రొక్కుట మేలు కదా. మధ్యాహ్నమునకు ఆగుంబె. అడవిలో ఫోను అందని చోట్లు కలవు. కబురు రాలేదని కలవరపడకుడు. దినమునకొకసారి ఉపాధ్యాయు లొకరు ఊరిలోనికి వచ్చి పాఠశాలకు ఫోను చేయుదురు.

మూటలో ఏమేమి? మడమ కప్పు బూట్లు, మూడు జతల మేజోళ్ళు, వానకోటు, చేతిదీపము, దుప్పటి, త్వరగా ఆరు బట్టలు. అక్కడ ఉతికిన గుడ్డ రెండు దినములైనను ఆరదు. పట్టుబట్టలు, నగలు వద్దు. సంగటి అచ్చట దొరకకపోవచ్చును, బొరుగులు, వేయించిన శనగలు కట్టి యిండు. ఉబ్బసము, మూర్ఛ మొదలగునవి యున్న బిడ్డల సంగతి సిగ్గుపడక కాగితముపై వ్రాసి, మందులతో మాకు అప్పగించుడు.

ఆడపిల్లలకు వేరు గది, వారితో ఇద్దరు ఉపాధ్యాయినులు. నెలసరికి కావలసినవి వారి యొద్ద నుండును. అట్టి దినములలో నడవలేని బిడ్డకు బసలో తోడు ఒకరుందురు. తమ్ముని పంపి అక్కను ఇంట నిలుపుట ఏ లెక్క? పరీక్షలో ఇద్దరికి ప్రశ్నపత్ర మొక్కటే.

ఇది ఇంతటితో పోవునది కాదు. జీవశాస్త్రము చదివిన పిల్లలు రేపు పై దేశములకు పోవలసి రావచ్చును. కోస్టారికా దేశములో లా సెల్వా, పనామా కాలువ నడుమ బారో కొలరాడో దీవి, ఇట్టి కేంద్రములు అనేకము కలవు. లా సెల్వాలో ఏడాదికి సుమారు 4,000 మిల్లీమీటర్ల వాన. ఆగుంబెలో నడచిన పిల్లకు అది క్రొత్త కాదు. అచ్చటికిని ఇవే బూట్లు, ఇదే దీపము. అదనముగ కావలసినది పాసుపోర్టు. పదునైదేండ్లు నిండనివారికి అది ఐదేండ్లకో, పదునెనిమిది నిండువరకో, ఏది ముందైన అంతవరకే చెల్లును. దానికి ముందు పేరు సరిగా నుండవలెను. చిక్కంతయు ఇక్కడనే! మనము ఇంటిపేరు ముందు పెట్టుదుము. ఇక్కడి కార్యాలయములలో తండ్రి పేరి మొదటి యక్షరము చేర్తురు. ఒకచోట వెంకటలక్ష్మి, వేరొకచోట వెంకటలక్ష్మమ్మ, ఆధారులో ఉట్టి లక్ష్మి. తెలుగు నుండి కన్నడమునకు, కన్నడము నుండి ఆంగ్లమునకు వ్రాయునపుడు అక్షరములు మారును. మా పూర్వవిద్యార్థి యొకడు ఇట్టి అక్షరభేదముచేత ఒక కార్యాలయము చుట్టు నెలల తరబడి తిరిగెను. జనన పత్రము, ఆధారు, బడి దాఖలా మూడును ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడు. ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షకు పేర్లు పంపకమునుపు దిద్దుట సులభము, తరువాత కష్టము. ఆగుంబె సమ్మతి పత్రముతో బాటు ఆ మూడింటి నకళ్ళును తెండు. మేమే సరిచూచి చెప్పెదము.

డబ్బు రెండు కంతులలో కట్టవచ్చును. మామిడి అమ్మిన రొక్కము చేతిలో నున్న ఈ దినములలో ఒకటి, దసరాకు ముందు పాల డబ్బులో నుండి రెండవది. అదియు కష్టమైనవారు నలుగురిలో చెప్పనక్కరలేదు, మా గదికి వచ్చి ఒక మాట చెప్పిన చాలును.

సమ్మతి పత్రమును తెలుగులోను కన్నడములోను అచ్చొత్తించితిమి. తండ్రి యొక్కరే కాక తల్లియు చేవ్రాలు చేయవలెను. సభ ముగియగానే పిల్లలతో రాబోవు ఉపాధ్యాయినులు ఇద్దరును వరండాలో కూర్చుందురు. అడగదలచినవి మిగిలియున్న తల్లులు వారితో మాటలాడి పొండు.