శాస్త్ర విషయములను తెనిగించువారు

పురుగుమందుల వాడుకను, యంత్రముల నిర్వహణమును దెలుపు పత్రములు పెక్కులు మొదట ఆంగ్లమున వ్రాయబడి, పిదప తెలుగు చేయబడుచున్నవి. వానిని తెనిగించుటకు ఎట్టివారు కావలెను, వారు ఎచ్చట దొరకుదురు అను విషయమును నేడు ముచ్చటింప దలచితిమి.

అనువాదమునందు మన సీమకు మంచి పేరు కలదు. తెనాలివారైన చక్రపాణిగారు శరత్ బాబు వంగ నవలలను మన యింటి కథలవలె తెనిగించిరి. అయితే నవలలో ఒక మాట తప్పినచో రసభంగము కలుగును. మందు పత్రములో తప్పినచో పైరే పోవును. లీటరు నీటికి చెప్పిన కొలతను ఎకరమునకని వ్రాసిన పురుగు చావదు. ఎకరపు కొలతను లీటరునకని వ్రాసిన పైరు మాడును.

రెండు భాషలు వచ్చినంతమాత్రమున ఈ పని సాగదు. వరికి వచ్చు 'బ్లాస్ట్'ను నిఘంటువు చూచి 'పేలుడు' అన్నచో రైతు నవ్వును. అతడెరిగినది అగ్గితెగులు. 'డెడ్ హార్ట్' అనగా మొవ్వు చచ్చుట. పురుగు సోకి పిలక ఉల్లికాడవలె గొట్టమైనచో దానిని ఉల్లికోడు అందురు. ఇట్టి మాటల విలువ నెరిగియే ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి, భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున, 1962లో మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటమును వ్యవసాయ పదములకే కేటాయించినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల చదువులకు వలయు పారిభాషిక పదములను సమకూర్చినది.

కావున పదములకు కొదువ లేదు. వానిని తగినచోట వాడగల మనుష్యులను కూర్చుకొనవలెను. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945 నుండి కలదు. 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, బాపట్ల పరిశోధన ఫలమే. అచ్చట శాస్త్రమెరిగినవారు కలరు. తెనాలిలో వాక్యమును తీర్చి దిద్దగల రచయితలు కలరు. రేపల్లె మాగాణులలో పైరు నాడి తెలిసిన రైతులు కలరు. శాస్త్రజ్ఞుడు తెనిగింపగా, రచయిత సవరింపగా, ఆ పత్రమును రైతునకు చదివి వినిపింపవలెను. అతడు కాగితము చూడకయే, ఏ మందు, ఎంత, ఎప్పుడు అని తన మాటలలో తిరిగి చెప్పగలిగిననే అచ్చునకు పంపవలెను. చెప్పలేకపోయినచో దిద్దవలసినది పత్రమునే.

ఈ శ్రమకు తగిన ప్రతిఫలము నిచ్చి, అనువాదకుల పేళ్లను పత్రముపై ముద్రించుట న్యాయము. పేరున్నచోట బాధ్యతయు నుండును. మీ యిండ్లలో ఇట్టి పనికి తగిన చదువరులున్నచో వారిని ప్రోత్సహింప కోరుచున్నాము.