మందుల చీటీ, రాష్ట్ర పద్దు

సాయంత్రం వేళ ఏ చిన్న పట్టణంలోనైనా మందుల షాపు ముందు పది నిమిషాలు నిలబడితే ఒక దృశ్యం కనిపిస్తుంది. పెద్దావిడ ఒకామె కొంగుముడి విప్పి, మడతలు పడ్డ చీటీ తీసి, మందు అడగకముందే "ఎంతవుతుంది నాయనా?" అని అడుగుతుంది. డాక్టరు రాసింది నెలకు. షాపు కుర్రాడు లెక్క చెప్పగానే "పది రోజులకియ్యి, చాల్లే" అంటుంది. అతను కత్తెర తీసుకుని మాత్రల అట్టను అడ్డంగా కత్తిరిస్తాడు. బీపీకి పది, షుగరుకు పది. బలానికి రాసిన మందు ఆమె అసలు అడగదు.

ఆ ఇంట్లో ఆరోగ్యశ్రీ కార్డు ఉంటుంది. రేపు ఆమె గుండెకు స్టెంటు వేయాల్సి వస్తే ప్రభుత్వం ఆ ఖర్చు భరిస్తుంది. జబ్బు గుండెదాకా పోకుండా ఆపే ఈ ఇరవై మాత్రలకు మాత్రం ఆమే చెల్లించుకోవాలి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా దొరకాల్సిన మందులే ఇవి. ఉన్న రోజు ఇస్తారు, లేని రోజు చీటీ బయటికి రాస్తారు.

ఇలా కావాలని ఎవరూ కోరుకోలేదు. ఒక్కో ప్రభుత్వం ఒక్కో పథకం తెచ్చింది, ఒక్కోసారి ఒక్కో పరిమితి పెంచింది. అయితే ఒక కుటుంబం ఏడాదికి వైద్యం మీద పెట్టే రూపాయి ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో, అందులో ప్రభుత్వం మోయాల్సినదెంతో మొదటినుంచి చివరిదాకా లెక్కగట్టి ప్రజల ముందు పెట్టే శాశ్వత యంత్రాంగం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లేదు. వైద్య వ్యయంపై చట్టబద్ధమైన రాష్ట్ర కమిషన్ కావాలన్నదే ఈ స్మారకోపన్యాసం చేసే ప్రతిపాదన.

దేశం మొత్తం మీద చూస్తే కొంత మెరుగుదల ఉంది. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2004-05లో వైద్యానికి అయిన మొత్తం ఖర్చులో 69 శాతానికి పైగా జనం జేబుల్లోంచే పోయింది. 2021-22 నాటికి అది 39.4 శాతానికి తగ్గింది. అదే ఏడాది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి ఆరోగ్యంపై పెట్టింది స్థూల దేశీయోత్పత్తిలో 1.84 శాతం. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 కల్లా చేరాలన్నది 2.5 శాతం.

కమిషన్ అనగానే జనానికి నమ్మకం కలగదు. బీరువాల్లో నిద్రపోయే నివేదికలే గుర్తొస్తాయి. అందుకే కమిషన్ నిజంగా పనిచేసిన ఒక చోటును దగ్గరగా చూడాలి. అది కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్రం. గోధుమ పండించే రైతుల సీమ, అప్పట్లో పది లక్షల లోపు జనాభా, ఎముకలు కొరికే చలి.

అక్కడి ఒకప్పటి ముఖ్యమంత్రి టామీ డగ్లస్‌కు చిన్నప్పుడు కాలి ఎముకకు చీము పట్టింది. తల్లిదండ్రులకు స్తోమత లేదు. కాలు తీసేయాల్సిందే అన్న దశలో ఒక సర్జన్, తన విద్యార్థులు చూసి నేర్చుకోవడానికి ఒప్పుకుంటే ఉచితంగా ఆపరేషన్ చేస్తానన్నాడు. కాలు నిలిచింది. ఒక డాక్టరు దయ తలచాడు గనుక తన కాలు దక్కిందనీ, పిల్లవాడి కాలు అలాంటి అదృష్టం మీద ఆధారపడకూడదనీ డగ్లస్ జీవితాంతం చెప్పేవాడు.

1944లో అధికారంలోకి రాగానే ఆయన చేసిన పని పథకం ప్రకటించడం కాదు. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి వైద్య చరిత్రకారుడు హెన్రీ సిగరిస్ట్‌ను పిలిపించి, రాష్ట్రమంతా తిరిగి చూసి చెప్పమన్నాడు. కొద్ది వారాల్లో నివేదిక వచ్చింది. 1947 జనవరి 1 నుంచి ఆసుపత్రి ఖర్చుల బీమా మొదలైంది. మనిషికి ఏడాదికి 5 డాలర్లు చందా. డాక్టరు ఫీజుల బాధ్యతను మాత్రం ప్రభుత్వం అప్పుడే నెత్తికెత్తుకోలేదు. ఖజానాకు శక్తి వచ్చేదాకా పుష్కరానికి పైగా ఆగింది. 1960లో వాల్టర్ థాంప్సన్ అధ్యక్షతన సలహా సంఘం వేసింది. అందులో ప్రభుత్వ మనుషులతో పాటు డాక్టర్ల ప్రతినిధులూ ఉన్నారు. వాళ్లు సంఘంలో కూర్చునే మెజారిటీతో విభేదించారు, తమ అసమ్మతిని రాతపూర్వకంగా ఇచ్చారు.

1962 జూలై 1న వైద్య బీమా చట్టం అమల్లోకి వచ్చింది. అదే రోజు డాక్టర్లు సమ్మెకు దిగారు. అప్పటికి డగ్లస్ కేంద్ర రాజకీయాలకు వెళ్లిపోయాడు. ముఖ్యమంత్రి వుడ్రో లాయిడ్. ప్రభుత్వం బ్రిటన్ నుంచి డాక్టర్లను రప్పించింది. ఇరవై మూడు రోజుల తర్వాత ఆ దేశానికే చెందిన లార్డ్ టేలర్ మధ్యవర్తిత్వంతో రాజీ కుదిరింది. డాక్టర్లకు స్వతంత్రంగా ప్రాక్టీసు చేసుకునే వీలు మిగిలింది, బీమా కూడా నిలబడింది. గొడవ జరిగింది నిజమే. అయినా చట్టం కూలిపోలేదు, ఎందుకంటే దాని లెక్కలు అప్పటికే బహిరంగంగా నలిగాయి. ఎవరెంత కట్టాలో, డాక్టరుకెంత ముట్టాలో, ఎవరి అభ్యంతరమేమిటో అందరికీ తెలుసు.

ఆ తర్వాతి కథ ఇంకా విలువైనది. కేంద్రంలో ఉన్న కన్సర్వేటివ్ ప్రభుత్వం 1961లో న్యాయమూర్తి ఎమెట్ హాల్ అధ్యక్షతన రాయల్ కమిషన్ వేసింది. ఆయనా ఆ పార్టీ ఛాయలోని మనిషే. సోషలిస్టులైన డగ్లస్ పార్టీ వాళ్ల పథకాన్ని ఆయన సమర్థిస్తాడని చాలామంది అనుకోలేదు. 1964లో ఆయన, సస్కాచువాన్ పద్ధతి దేశమంతటికీ కావాలని రాశాడు. 1966లో చట్టం వచ్చింది. 1972 కల్లా అన్ని రాష్ట్రాలూ చేరాయి.

ముందు లెక్క, తర్వాత చట్టం అన్న ఈ క్రమాన్ని అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం తలకిందులు చేసింది. అందరికీ వైద్యం అన్న చట్టం 2011లో చేసింది, డబ్బు ఎక్కడినుంచి తేవాలన్నది తర్వాతికి వదిలింది. 2014 డిసెంబరులో లెక్క తేలింది. యజమానులు చెల్లించే జీతాలపై 11.5 శాతం పన్ను, వ్యక్తుల ఆదాయంపై 9.5 శాతం వరకు అదనం. ఆ ఏడాదే గవర్నర్ పీటర్ షమ్లిన్ పథకాన్ని విరమించుకున్నారు.

ఇక మన ఇంటి సంగతి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. అంతకుముందు పేదవాడికి గుండె ఆపరేషన్ కావాలంటే ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకుని ఎదురుచూడాల్సిందే. ఆ అర్జీని హక్కుగా మార్చడం చిన్న విషయం కాదు. ఆసుపత్రి గేటు దగ్గర కార్డు చూపిస్తే ఆరోగ్యమిత్ర ఎదురొచ్చి దారి చూపడం పల్లె మనిషికి ఎంత ధైర్యమో ఆ వరండాల్లో నిలబడ్డవాళ్లకు తెలుసు. ఈ పథకం మేలును తక్కువ చేసి మాట్లాడడం అన్యాయం.

కానీ డబ్బు కట్టే పద్ధతి ఎన్ని మలుపులు తిరిగిందో చూడండి. మొదట ప్రైవేటు బీమా కంపెనీ. 2008లో ప్రభుత్వ ట్రస్టు నేరుగా చెల్లించే పద్ధతి దానికి తోడైంది. తర్వాతి ఏళ్లలో పథకమంతా ట్రస్టు చేతికి వచ్చింది. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం మళ్లీ బీమా కంపెనీలను తెచ్చే మిశ్రమ విధానానికి ఆమోదం తెలిపింది: రెండున్నర లక్షల దాకా బీమా, ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు. తెలంగాణ 2023 డిసెంబరులో పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. మొదటి పద్ధతిని ఎందుకు వదిలారు, ఇప్పుడు మళ్లీ ఎందుకు తెస్తున్నారు అన్నదానిపై ఊరూరా చర్చ జరిగి ఉండాల్సింది.

పరిమితి పెంచినంత తేలిగ్గా బిల్లులు చెల్లడం లేదు. 2025లోనే రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కోసం సేవలు నిలిపేశాయి. కార్డు మీద అంకె ఎంత పెద్దదైనా ఆ వారం ఆపరేషన్ వాయిదా పడ్డవాడికి అది అక్కరకు రాలేదు. ఒక్కో చికిత్సకు ఇంతని కట్టే ప్యాకేజీ రేటు తప్పితే మరో ప్రమాదమూ ఉంది. గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు అవసరం లేకుండా చేస్తున్నారన్న ఫిర్యాదులు వెల్లువెత్తాక, ప్రభుత్వం అలాంటి కొన్ని చికిత్సలను తన ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. డబ్బు ఎటు పారితే వైద్యం అటే పోతుందనడానికి ఇంతకంటే బాధాకరమైన రుజువు అక్కర్లేదు.

ఈ విషయాలు తెలిసిన మేధ మనకు కొరవడలేదు. ప్రణాళికా సంఘం నియమించిన నిపుణుల బృందం కె. శ్రీనాథరెడ్డి అధ్యక్షతన 2011లో ఇచ్చిన నివేదిక, వైద్యానికి డబ్బు ప్రధానంగా సాధారణ పన్నుల నుంచి రావాలనీ, మందుల కొనుగోలుపై ప్రభుత్వ ఖర్చును జీడీపీలో 0.1 నుంచి 0.5 శాతానికి పెంచాలనీ చెప్పింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేంద్ర ఆరోగ్య శాఖ మాజీ కార్యదర్శి కె. సుజాతారావు నేతృత్వంలో నిపుణుల కమిటీ వేసింది. అయితే కమిటీ ప్రభుత్వం అడిగినప్పుడు పుడుతుంది, నివేదిక ఇవ్వగానే ముగుస్తుంది. చట్టంతో ఏర్పడ్డ కమిషన్ ప్రభుత్వాలు మారినా ఉంటుంది.

అది ప్రతి ఏటా బడ్జెట్‌కు ముందే నివేదికను శాసనసభ ముందుంచాలి. ఆసుపత్రుల పుస్తకాలు తెప్పించుకుని చూసే అధికారం దానికి ఉండాలి. ఆర్థికవేత్త, డాక్టరు ఉంటే చాలదు. నర్సు, ఆశా కార్యకర్త, మందుల షాపు నడిపేవాడు, డయాలసిస్ చేయించుకుంటున్న రోగి కూడా సభ్యులుగా కూర్చోవాలి. విచారణలు రాజధాని హోటళ్లలో కాక మండల కేంద్రాల్లో, తెలుగులో జరగాలి. ఒప్పుకోని సభ్యుడి మాట కూడా అదే నివేదికలో అచ్చు కావాలి. మొట్టమొదట తేల్చాల్సింది ఆసుపత్రిలో చేరకుండా అయ్యే ఖర్చు సంగతి. పేదవాడి జేబు రోజూ కాస్త కాస్తగా ఖాళీ అవుతున్నది అక్కడే.

బడ్జెట్ సమావేశాలు సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి. ఈ ఉపన్యాసం చదివినవారు ఆలోగా ఒక పని చేయాలని విన్నపం. మీ ఇంట్లో గత ఏడాది డాక్టరు ఫీజుకు, పరీక్షలకు, మందులకు అయిన ఖర్చును ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని మీ శాసనసభ్యుడి చేతికిచ్చి, ఇందులో రాష్ట్రం మోయాల్సింది ఎంతో ఎవరు లెక్కగడతారని అడగండి.