రాబర్ట్ బ్లై: కవి కంటే ముందు సంపాదకుడు



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ పెద్దాయన సొంత కవిత్వం రాసుకున్న కాలం తక్కువ. ఇతరుల కవితలు దిద్ది, ప్రూఫులు చూసి, చందాదారులకు పోస్టు చేసిన కాలమే ఎక్కువ. అందుకని అలాంటి మరో మనిషి గురించి మాట్లాడతానన్నాను, నిర్వాహకులు సరేనన్నారు. ఆయన అమెరికన్ కవి రాబర్ట్ బ్లై. 1926 డిసెంబరు 23న పుట్టి, 94 ఏళ్ల వయసులో 2021 నవంబరు 21న మినియాపొలిస్‌లో పోయాడు. మన దగ్గర ఆయన పేరు విన్నవాళ్లు ‘ఐరన్ జాన్’ పుస్తకం వల్లనో, కబీరు అనువాదాల వల్లనో విని ఉంటారు. నా లెక్కలో ఆయన చేసిన అసలు పని ఆ రెండూ కాదు. అసలు పని ఆయన నడిపిన పత్రిక.

పుట్టింది మిన్నెసోటా రాష్ట్రం పడమటి కొసన, మాడిసన్ అనే చిన్న ఊరి దగ్గర. నార్వే నుంచి వలస వచ్చి సేద్యం చేసుకుంటున్న కుటుంబం. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో నౌకాదళంలో చేరాడు, తర్వాత హార్వర్డ్‌లో చదివి 1950లో బయటికొచ్చాడు. ఆ రోజుల్లో హార్వర్డ్‌లో ఆయనతో పాటు తిరిగినవాళ్లు జాన్ యాష్‌బెరీ, డొనాల్డ్ హాల్, ఫ్రాంక్ ఒహారా. ఏడ్రియన్ రిచ్ కూడా అక్కడే ఉంది. ఒక్క పంటలో అంతమంది కవులు! ఆ తర్వాత న్యూయార్కులో కొన్నేళ్లు డబ్బుల్లేక ఒంటరిగా గడిపి, అయోవా విశ్వవిద్యాలయంలో రచన మీద పట్టా తీసుకున్నాడు.

1956లో ఫుల్‌బ్రైట్ వేతనం మీద నార్వే వెళ్లాడు. వెళ్లింది నార్వే కవిత్వాన్ని ఇంగ్లీషులోకి తేవడానికి. అక్కడ ఓస్లో గ్రంథాలయంలో ఆయన చేతికి దొరికింది వేరే. చిలీ కవి పాబ్లో నెరూడా, పెరూ కవి సెసార్ వయెహో, ఆస్ట్రియా కవి గెయోర్గ్ ట్రాకల్. హార్వర్డ్‌లో చదివి, అయోవాలో పట్టా పుచ్చుకున్నవాడికి ఈ పేర్లు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. నెరూడాది తను పుట్టిన ఖండానికి పక్క ఖండం. ఆ కవిని చదవడానికి సముద్రం దాటి ఓస్లో దాకా పోవలసి వచ్చింది. అది ఆయనకు అవమానంగా తోచింది. ఆ ఉక్రోషంలోంచి పుట్టిందే పత్రిక.

1958లో విలియం డఫీ అనే మిత్రుడితో కలిసి ‘ది ఫిఫ్టీస్’ మొదలుపెట్టాడు. దశాబ్దం మారగానే పేరు ‘ది సిక్స్టీస్’ అయింది, ఆ తర్వాత ‘ది సెవెంటీస్’. ఏటా ఒక సంచిక అయినా సరిగా రాలేదు. అమెరికాలో ఇప్పుడు అచ్చవుతున్న కవిత్వంలో అత్యధిక భాగం పాతబడిపోయిందని మొదటి సంచికలోనే ప్రకటించారు. ఆ మాట పెద్ద పత్రికల వాళ్లకూ విశ్వవిద్యాలయాల వాళ్లకూ సూటిగా తగిలింది. తగలాలనే రాశారు. పేరున్నవాళ్లను ఎగతాళి చేయడానికి ‘నీలికప్ప’ అని ఒక బిరుదు కూడా పెట్టారు. సమకాలీన కవుల మీద బ్లై స్వయంగా సుదీర్ఘ విమర్శలు రాసేవాడు. కింద సంతకం మాత్రం ‘క్రంక్’.

కవితలు తిప్పి పంపడంలోనూ వీళ్లది వేరే దారి. మీ రచన ప్రచురించలేకపోతున్నందుకు చింతిస్తున్నాం అన్న అచ్చు కాగితం పంపే అలవాటు లేదు. ఏం బాగాలేదో మొహం మీదే రాసేవాళ్లు. కోపంతో తిరుగుటపాలో తిట్టినవాళ్లకు ఒక కార్డు పోయేది. ఆల్ఫ్రెడ్ టెన్నిసన్ ప్రభువు కొత్త పుస్తకం వెలువడిన వెంటనే కొనుక్కోవడానికి ఈ కార్డు మీకు అర్హత కల్పిస్తుంది అని దాని మీద ఉండేది. టెన్నిసన్ పోయి అప్పటికి అరవై ఏళ్లు దాటింది. సంపాదకుడికి ఈ మాత్రం కొంటెతనం ఉండాలంటాను. మన దగ్గర తిప్పి పంపడం కూడా మానేశారు, అసలు జవాబే ఉండదు.

అయితే ఎగతాళి ఒక్కటే చేసి ఊరుకుంటే ఆ పత్రికను ఇవాళ మనం తలుచుకోం. పాతబడిపోయింది అన్నవాడు కొత్తది ఏదో చూపించాలి కదా. బ్లై చూపించాడు. స్పానిష్, జర్మన్, స్వీడిష్, నార్వేజియన్, ఫ్రెంచి కవులను వరసగా అచ్చువేశాడు. సొంత ప్రచురణ సంస్థ పెట్టి 1961లో ట్రాకల్ కవితలు ఇరవై, మరుసటి ఏడు వయెహో ఇరవై, 1967లో నెరూడా ఇరవై, 1970లో స్వీడిష్ కవి ట్రాన్స్‌ట్రోమర్ ఇరవై తెచ్చాడు. చిన్న చిన్న పుస్తకాలు. సమగ్ర సంపుటమైతే పెళ్లిలో కానుకగా వచ్చి అలమారలో కూర్చుంటుంది. ఇరవై కవితల పుస్తకాన్ని బస్సులో పూర్తి చేయొచ్చు.

మొదటి సంచిక ఒక ప్రతి మినియాపొలిస్‌లో పాఠాలు చెప్పుకుంటున్న జేమ్స్ రైట్ అనే కవికి చేరింది. అప్పటికి రెండు పుస్తకాల పని పూర్తి చేసి, ఇక నా వల్ల కాదు, కవిత్వం మానేద్దామనుకుంటున్న మనిషి. ట్రాకల్ పేరు చూడగానే లేచి కూర్చుని బ్లైకి పేజీల కొద్దీ ఉత్తరం రాశాడు. వచ్చి మా పొలంలో ఉండిపొమ్మని బ్లై పిలిచాడు. ఆ తర్వాత వారాంతాలు చాలావరకు రైట్ అక్కడే గడిపాడు. ఇద్దరూ కలిసి ట్రాకల్‌నీ, వయెహోనీ, నెరూడానీ అనువదించారు. 1963లో రైట్ తెచ్చిన ‘ది బ్రాంచ్ విల్ నాట్ బ్రేక్’ చదివితే, అనువాదం చేస్తూ చేస్తూ ఒక కవి గొంతు ఎలా మారిపోతుందో తెలుస్తుంది. ఛందస్సూ ప్రాసలూ వదిలేసి చూసిందల్లా ఉన్నదున్నట్టు చెప్పే మనిషి అందులో కనిపిస్తాడు. 1972లో ఆయనకు పులిట్జర్ వచ్చింది. బ్లైకి పులిట్జర్ రాలేదు.

తోమాస్ ట్రాన్స్‌ట్రోమర్ సంగతి ఇంకా ముచ్చటైనది. 1964లో ఈ స్వీడిష్ కవి కొత్త పుస్తకం కోసం బ్లై కారు వేసుకుని మినియాపొలిస్‌లోని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వెళ్లాడు. పోనూ రానూ రోజంతా పట్టే ప్రయాణం. పుస్తకం పట్టుకుని చీకటి పడ్డాక ఇంటికి వచ్చేసరికి బల్ల మీద స్వీడన్ నుంచి ఉత్తరం. రాసింది ట్రాన్స్‌ట్రోమరే. ఆయనకు కావలసింది బ్లై పత్రిక! అలా మొదలైన ఉత్తరాలు పాతికేళ్లు నడిచాయి. ట్రాన్స్‌ట్రోమర్‌ను బ్లై ఇంగ్లీషులోకి తెచ్చాడు, బ్లైని ట్రాన్స్‌ట్రోమర్ స్వీడిష్‌లోకి తీసుకెళ్లాడు. ఈ మాటకు మీ ఉద్దేశం ఏమిటి, ఇక్కడ నేను పొరబడ్డానా అని ఒకరినొకరు అడిగి దిద్దుకున్నారు. ఆ ఉత్తరాలు ఇప్పుడు పుస్తకంగా దొరుకుతాయి. అనువాదం చేసేవాళ్లు తప్పక చదవాల్సిన పుస్తకం అది. ట్రాన్స్‌ట్రోమర్‌కు 2011లో నోబెల్ వచ్చింది.

ఇక కవి బ్లై. మొదటి పుస్తకం ‘సైలెన్స్ ఇన్ ది స్నోయీ ఫీల్డ్స్’ 1962లో వచ్చింది. అప్పటికి ఆయనకు 35 ఏళ్లు. మంచు, మొక్కజొన్న చేలు, రాత్రిపూట కారు ప్రయాణాలు. తక్కువ మాటలు. నాకు ఆయన పుస్తకాల్లో ఇప్పటికీ ఇదే ఇష్టం. రెండో పుస్తకం ‘ది లైట్ అరౌండ్ ది బాడీ’ వియత్నాం యుద్ధం మీద మండిపడిన కవిత్వం. 1966లోనే డేవిడ్ రే అనే కవితో కలిసి యుద్ధ వ్యతిరేక రచయితల సంఘం పెట్టి కాలేజీ కాలేజీకి తిరిగాడు. ఆ రెండో పుస్తకానికి 1968లో నేషనల్ బుక్ అవార్డు ఇచ్చారు. వేదిక మీద వెయ్యి డాలర్ల చెక్కు అందుకుని, సైన్యంలో చేరడానికి నిరాకరిస్తున్న ఒక యువకుడిని పిలిచి, అందరి ముందూ ఆ చెక్కు అతని చేతిలో పెట్టాడు. అవార్డులు వాపసు ఇచ్చిన రచయితలను మనం చూశాం. ఈయన పుచ్చుకునే చోటే ఇచ్చేశాడు.

‘ఐరన్ జాన్’ గురించి ఎక్కువ చెప్పను. ఒక జానపద కథ ఆధారంగా మగవాళ్ల జీవితం గురించి రాసిన ఆ పుస్తకం 1990లో వచ్చి న్యూయార్క్ టైమ్స్ జాబితాలో ఏడాది పైన నిలిచింది. మగవాళ్లంతా అడవుల్లో చేరి డప్పులు కొట్టుకోవడం, టీవీల వాళ్లు నవ్వడం, స్త్రీవాదులు నిలదీయడం. తండ్రికీ కొడుక్కీ మధ్య మాటలు తెగిపోవడం గురించి ఆయన చెప్పింది నిజమే. ఒక జానపద కథ మీద అంత బరువు పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు.

కబీరు దగ్గర ఆగాలి. ఎందుకంటే ఇది మన ఇంటి సరుకు. 1977లో వచ్చిన ‘ది కబీర్ బుక్’ అమెరికాలో ఇప్పటికీ అమ్ముడవుతోంది. బ్లైకి హిందీ రాదు, బెంగాలీ రాదు. క్షితిమోహన్ సేన్ సేకరించిన పదాల ఆధారంగా రవీంద్రనాథ్ ఠాగూరు, ఎవెలిన్ అండర్‌హిల్‌తో కలిసి తెచ్చిన నూరు గీతాల ఇంగ్లీషు పుస్తకం ఒకటుంది. ఆ ఇంగ్లీషు తనకు నచ్చలేదనీ, కొన్నిటిని ఈనాటి భాషలోకి మార్చాననీ బ్లై దాచకుండా రాశాడు. అంటే ఇది ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషులోకి అనువాదం. ఆ నూరు గీతాల్లో చాలావాటికి పాత రాతప్రతుల ఆధారం లేదని పండితులు చెబుతారు. కబీరు పదాల పాత సంకలనమైన బీజక్‌లోని కబీరు పండితుణ్నీ ముల్లానూ నడివీధిలో నిలబెట్టి కడిగేసే మనిషి. బ్లై కబీరు కూడా అప్పుడప్పుడూ కసురుకుంటాడు గానీ ఎక్కువగా పరవశంలో ఉంటాడు. ఆ నేతగాడి మగ్గం చప్పుడు వినపడదు.

ఇదే బ్లై 1983లో ‘ది ఎయిట్ స్టేజెస్ ఆఫ్ ట్రాన్స్‌లేషన్’ అనే చిన్న పుస్తకం వేశాడు. రిల్కె జర్మన్ కవిత ఒకటి తీసుకుని మాటకు మాట ముతక అనువాదం దగ్గర్నుంచి చివరి ప్రతి దాకా చేసి చూపించాడు. మధ్యలో మూలాన్ని కంఠస్థం చేసి దాని నాదం పట్టుకోవడం ఉంది. ఆ భాష పుట్టుకతో వచ్చినవాడికి చూపించి దిద్దించుకోవడం ఉంది. కబీరు విషయంలో ఈ రెండు మెట్లూ ఎక్కలేదు. తను పెట్టుకున్న నియమాలతోనే కొలిచినా కబీరు పుస్తకం నెగ్గదు.

గాలిబ్ దగ్గరికి వచ్చేసరికి ఆ తప్పు చేయలేదు. ఉర్దూ తెలిసిన సునీల్ దత్తా పక్కన కూర్చుని ఒక్కో షేరూ విప్పి చెబితే 1999లో ఆ గజళ్లను పుస్తకంగా తెచ్చాడు. దాని ఫలితం ఆయన సొంత కవిత్వంలో కనిపిస్తుంది. 2001లోనూ 2005లోనూ వచ్చిన రెండు పుస్తకాల నిండా గజళ్లే. రెండు పాదాల షేరు ఇంగ్లీషులో ఇమడదని మూడు పాదాలు చేసుకున్నాడు. డెబ్బై ఏళ్లు దాటాక కొత్త ప్రక్రియ నేర్చుకున్నవాడు. మనకు ఈ గాలిబ్‌ను దాశరథి 1961లోనే తెలుగులోకి తెచ్చారు. దాశరథికి మధ్యవర్తి అక్కర్లేదు, ఉర్దూ ఆయన చదువుకున్న భాష. ఆ భాగ్యం నెరూడా విషయంలో మనకు లేదు. తెలుగులో నెరూడాను చదివేవాళ్లలో ఎక్కువమంది చదువుతున్నది ఇంగ్లీషు మీదుగా వచ్చిన నెరూడానే. కబీరుకు బ్లై ఏం చేశాడో నెరూడాకు మనమూ అదే చేస్తున్నాం. అందుకని ఆయన మీద రాయి వేసే హక్కు మనకు పెద్దగా లేదు.

ఈ సభలో చిన్న పత్రికలు నడిపేవాళ్లు చాలామందే ఉన్నారు. మీకో విన్నపం. అనువాద కవిత అచ్చువేసేటప్పుడు అది నేరుగా మూలం నుంచి వచ్చిందా, వేరే ఎవరి ఇంగ్లీషు మీదుగా వచ్చిందా, ఆ ఇంగ్లీషు ఎవరిది, కవిత కింద ఒక్క లైను వేయండి. వీలైతే ఆ భాష తెలిసిన మనిషిని వెతికి, అచ్చుకు పంపే ముందు ఒకసారి చూపించండి. హైదరాబాదులో స్పానిష్, జర్మన్, ఫ్రెంచి నేర్పే విశ్వవిద్యాలయమే ఉంది, అడిగితే కాదనేవాళ్లు తక్కువ.