యువజనులు - నాటకానుభవము

నాటకమును గూర్చి ప్రేక్షకులు చెప్పుకొందురు, విమర్శకులు వ్రాయుదురు. వేషము కట్టిన పిల్లవానిని పిలిచి "నీకెట్లున్నది నాయనా?" అని అడుగువారు మాత్రము అరుదు. ముఖమునకు పూసిన రంగు కడుగుకొనునంతలో ఇంటివారు పొద్దుపోయినదని తొందర పెట్టుదురు. మరునాటి నుండి మరల చదువులు, పరీక్షలు. ఆ ప్రశ్నను మేము అడిగితిమి. మాకు లభించిన సమాధానములనే నేడు మీ ముందుంచుచున్నాము.

గడచిన వేసవి సెలవులలో ఒక కోస్తా పట్టణమున పదునాలుగు మొదలు ఇరువది యేండ్ల వరకు వయసుగల బాలబాలికలు ఇరువదిమంది చేరి, గురజాడవారి "కన్యాశుల్కము"ను ప్రదర్శింప బూనిరి. ఏడంకముల నాటకము, ఉన్నది ఉన్నట్లు ఆడినచో తెల్లవారును. కావున వారి ఉపాధ్యాయులొకరు దానిని రెండున్నర గంటలకు కుదించిరి. రేడియో నాటకములతో మాకు చిరకాల పరిచయము కలదు గనుక, పిల్లల ఉచ్చారణ సరిచూడవలసినదిగా మమ్ము కోరిరి. ఆరువారములపాటు, వారమునకు రెండు సాయంకాలములు, మేమా రిహార్సళ్లకు వెళ్లితిమి.

పిల్లలు నాటకమాడుట మనకు క్రొత్త గాదు. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ విద్యార్థులచేత "వ్యవహార ధర్మబోధిని"ని ప్రదర్శింపజేసిరి. ఆధునికాంధ్ర రంగస్థలమునకు బడిపిల్లలే శ్రీకారము చుట్టిరనిన అతిశయోక్తి కానేరదు. 1885లో వెలసిన సురభి కుటుంబములలోనైతే, నడక నేర్చిన బిడ్డ తిన్నగా రంగముమీదికే నడచును. ఇక "కన్యాశుల్కము"ను 1892లో విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారు మొదట ఆడిరి. 1897లో అది అచ్చయినది. 1909లో గురజాడవారు దానిని పెంచి, తిరుగవ్రాసి మరల ప్రకటించిరి.

మొదటి వారమంతయు పిల్లలకు భాషతోడనే పెనుగులాట. తమ ముత్తాతల నాటి తెలుగు వారికి పరాయిభాషవలె తోచినది. పూటకూళ్లమ్మ పేరు వచ్చినప్పుడు ఒక చిన్నవాడు చేయెత్తి, "పూటకూళ్లంటే హోటలాండీ?" అని అడిగెను. అందరు నవ్విరి. వాడన్నది తప్పేమియు గాదని మేము చెప్పితిమి. పది దినములు గడచునప్పటికి ఆ మాటలు వారి నోట నలిగినవి. టీ త్రాగుచు కూడ గిరీశము ధోరణిలో ఒకరినొకరు ఆటపట్టించుకొన నారంభించిరి. పుస్తకములోని భాష నాలుక మీదికి దిగుటకు ఇంతకంటె మంచి బడి యేది?

ఆ నాటకములోనే ఒక బాలనటుడు ఉన్నాడు. మేనకోడలైన సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు కట్టబెట్టకుండ ఆపుటకై, కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడవేషము వేసి, ఆ ముసలివానికి అంటగట్టును. ఈ శిష్యుని పాత్ర పదునాలుగేండ్ల పిల్లవానికి వచ్చినది. చీర కట్టుమనగానే వాని ముఖము మాడిపోయినది. తోటివారి యెగతాళికి జంకి రెండు దినములు రిహార్సలుకే రాలేదు. మూడవనాడు వచ్చినాడు గాని, మాట పెగలలేదు. చివరకు వాడే ఆ నాటకమునకు ప్రాణమైనాడు. ప్రదర్శనములు ముగిసిన పిదప వానినడిగితిమి. "చీర కట్టుకున్నాక పెద్ద అడుగు వెయ్యలేకపోయానండి. మా అమ్మ రోజూ ఇట్లాగే పరుగెత్తి బస్సెక్కుతోందా అనిపించింది" అని వాడు చెప్పెను. స్త్రీల కష్టసుఖములను గూర్చి మేము వినిన ప్రసంగములు లెక్కకు మిక్కిలి. చేసినవియు కొన్ని కలవు. ఇంత సూటిగా చెప్పినది ఒక్కటియు మా జ్ఞప్తికి రాలేదు.

లుబ్ధావధానుల వేషము వేసినవాడు పదునెనిమిదేండ్ల ఇంజనీరింగు విద్యార్థి, సహజముగా హాస్యప్రియుడు. నడుము వంచుట, దగ్గుట, శుల్కమునకై బేరమాడునప్పుడు వ్రేళ్లు మడచి లెక్కించుట, ఇవన్నియు కడుపుబ్బ నవ్వించునట్లు అభ్యసించినాడు. మొదటి రాత్రి ప్రదర్శనమున జనము విరగబడి నవ్విరి. ముందు వరుసలో వాని తాతమ్మ కూర్చున్నది. తొంబది సమీపించిన వృద్ధురాలు. ఆమె నవ్వలేదు. రంగము మీదనుండి వాడది చూచినాడు.

ఇంటికి పోయి, "బాగా చెయ్యలేదా తాతమ్మా?" అని అడిగెనట. "బాగానే చేశావురా. నా పెళ్లికి నాకు పదకొండో ఏడు. సావిట్లో నా బేరం జరుగుతుంటే నేను పెరట్లో గవ్వలాడుకుంటున్నాను. ఎంతకు తెగిందో నాకెవ్వరూ చెప్పలేదు" అని ఆమె చెప్పినదట. బాల్యవివాహ నిరోధక చట్టము 1930 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చినది. ఈమె పెండ్లి అటుపిమ్మట పదిహేనేండ్లు దాటిన తరువాతి మాట.

ఆనందగజపతి మహారాజుగారు విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన ఇట్టి వివాహముల పట్టిక తయారు చేయించగా 1034 లెక్కకు వచ్చినవనియు, వానిలో ఐదేండ్ల పిల్లలే 99 మంది యనియు గురజాడవారు తమ తొలిపలుకులో తెలిపియున్నారు. ఆ యంకెలను మేమా పిల్లలకు మొదటి వారముననే చదివి వినిపించితిమి. శ్రద్ధగా వ్రాసికొనిరి. అంతకు మించి యేమియు జరుగలేదు. గవ్వలాడుకొనుచున్న పదకొండేండ్ల పిల్ల ఒక్కతె వాని కన్నులు తెరచినది.

రెండవ రాత్రి వాడు బేరపు ఘట్టమున దగ్గలేదు, వ్రేళ్లు మడువలేదు. నెమ్మదిగా, పశువును కొనువాడు మాటలాడునట్లు మాటలాడినాడు. సభలో నవ్వు తగ్గినది. ఉపాధ్యాయులు కోపింతురేమో యని వాడు భయపడినాడట. వారు భుజము తట్టి యూరకుండిరి. నవ్వించుట తప్పని మేమనము. ఆ నాటకమున నవ్వు అడుగడుగునను ఉన్నది. కాని దేనిని చూచి నవ్వుచున్నామో ఎరిగి నవ్వించుట వేరు, ఎరుగక నవ్వించుట వేరు. ఒక్క రాత్రిలో వానికి ఆ భేదము తెలిసినది.

ఇక మూడవ అనుభవము. మధురవాణి పాత్రకు పదునేడేండ్ల బాలికను ఎన్నుకొనిరి. కంఠము, కన్నుల కదలిక, మాట విరుపు, అన్నియు ఆమెకు చక్కగా అమరినవి. పదునైదు దినములు రిహార్సలు చేసిన పిదప తండ్రిగారు వలదనిరి. మరే వేషమైనను వేయవచ్చును గాని, వేశ్య వేషము తమ పిల్ల వేయరాదనిరి. ఆమె వాదింపలేదు. పాత్రను వేరొక అమ్మాయికి అప్పగించి, తాను పుస్తకము పట్టుకొని తెరచాటున నిలిచి, మాటలు అందించు పనికి ఒప్పుకొన్నది.

రెండు రాత్రులును మేము ప్రక్కనుండి చూచితిమి. ఆమె చేతిలో పుస్తకము మూసియే ఉన్నది. పెదవులు మాత్రము కదలుచుండెను. తరువాత అడుగగా, "వింగులో నిలబడి మధురవాణి మాటలన్నీ నేనూ ఆడానండి. అందరూ చప్పట్లు కొట్టినప్పుడు మాత్రం చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు" అని చెప్పెను.

ఆ తండ్రిగారిని మేము నిందింపము. రేపు పిల్లకు సంబంధములు చూడవలెను. నలుగురు నాలుగు మాటలందురని ఆయన భయము. అది లేని భయమని చెప్పుటకు మాకు నోరు రాదు. కాని ఒక్క విషయము జ్ఞప్తికి తెచ్చుకొందము. స్థానము నరసింహారావుగారు పురుషులై యుండియు మధురవాణి వేషము వేసి జనులను మెప్పించిరి. 1956లో వారికి పద్మశ్రీ లభించినది. చీర కట్టిన పురుషునికి గౌరవము తెచ్చిన పాత్ర, చీర కట్టిన పిల్లకు అగౌరవమెట్లగునో మాకు బోధపడుట లేదు. పైగా ఆ నాటకమున పెద్దమనుష్యులనబడువారు ఎందరో కలరు. వారందరికంటె తెలివియు, జాలియు గలది మధురవాణియే గదా!

ఆ పిల్లలు దసరా సెలవులలో ఈ నాటకమును మరల ఆడుదురట. ఆ అమ్మాయిని మా స్టూడియోకు వచ్చి ఒక్క రంగము చదువుమని మేమడిగితిమి. "నాన్నగారిని అడిగి చెబుతానండి" అన్నది. ఇంతవరకు కబురు రాలేదు. తమ యింట రేడియో ఉన్నదనియు, సాయంకాలము నాన్నగారు తప్పక విందురనియు ఆమెయే మాతో చెప్పినది.

కావున ఈ నాలుగు మాటలు ఆయనతోనే చెప్పి ముగించుచున్నాము. అయ్యా, తమరు ఒప్పుకొనవలెనని మేము పట్టుపట్టము. ఒక్క సాయంకాలము రిహార్సలుకు దయచేసి, వెనుక వరుసలో కూర్చొనుడు. రంగము మీది పిల్లలను చూడనక్కర లేదు. ప్రక్క తెరచాటున, మూసిన పుస్తకముతో నిలుచున్న మీ యమ్మాయి పెదవులను చూడుడు. పిమ్మట తమ చిత్తము.