సైకిలు యాత్రకు సన్నాహము

(గ్రంథాలయ పాఠకుల సమావేశమున చేయబడిన ఉపన్యాసము)

హుజూరాబాదు ప్రాంతమునకు సైకిలు క్రొత్త వస్తువు కాదు. పాల క్యాను కట్టుకొని తెల్లవారక ముందే బయలుదేరువాడును, పొలమునకు పార వెనుక పెట్టుకొని పోవువాడును, గంటకింత యని అద్దెకు తెచ్చుకొని చెరువుకట్టపై పడుచు లేచుచు నేర్చుకొన్న పిల్లవాడును దానిని బాగుగ ఎరిగినవారే. అయితే పనికై సైకిలెక్కుట వేరు. పదిమంది కూడి ప్రొద్దుటే బయలుదేరి, నాలుగూళ్ళు చూచి, ఇల్లు చేరవలెనని యెక్కుట వేరు. పనికి పోవువాడు తన కాళ్ళ సత్తువను మాత్రమే చూచుకొనును. గుంపుగా పోవువారు అందరికంటె తక్కువ సత్తువ గలవానిని, అందరికంటె పాతదైన బండిని చూచుకొనవలెను. ముందున్నవానికి యాత్ర ఎట్లయినను సాగును. వెనుకబడినవాడు మధ్యాహ్నపుటెండలో, గాలిపోయిన చక్రముతో, లారీల దారి ప్రక్కన ఒంటరిగా నిలిచిపోకుండ చేయుటయే సన్నాహము.

ఇట్టి యాత్రలు పశ్చిమ దేశములలో చాలకాలముగా జరుగుచున్నవి. ఇంగ్లండులో సైకిలు యాత్రికుల సంఘము 1878లోనే వెలసినది. ఆ కాలపు సైకిళ్ళకు బ్రేకులు బలహీనములు. కనుక ఆ సంఘమువారు ప్రమాదకరమైన దిగుడుల మొదట హెచ్చరిక పలకలు నాటించిరి. యాత్రికులను ఆదరించు పూటకూళ్ళ యిండ్లను ఎంచి, వాని గోడలకు రెక్కల చక్రపు గుర్తు బిగించిరి. ఇందు గమనింపదగిన దేమనగా, వారు సరదాకొరకు పోవువారే యైనను, ముందుగ పోయినవాడు చూచినదానిని వెనుక వచ్చువానికి వ్రాసిపెట్టిరి. ఈ పని గ్రంథాలయమునకు దగ్గరి పని. దారిపటము గీసి గోడకు తగిలించుటకు, పేర్లు వ్రాసికొనుటకు గ్రంథాలయముకంటె తగిన చోటు ఊరిలో మరియొకటి యుండదు.

మొదట దారి నిర్ణయింపవలెను. హుజూరాబాదు కరీంనగరు–వరంగల్లు రహదారిపై నున్నది. ఆ దారిని కరీంనగరు దిక్కుగ పోయినచో శంకరపట్నము మండలమున మొలంగూరు కోట కలదు. కాకతీయ ప్రతాపరుద్రుని అధికారులలో నొకడైన వోరగిరి మొగ్గరాజు దానిని కట్టించెనని చెప్పుదురు. గుట్టక్రింద దూద్ బావి యున్నది. దాని నీరు పాలవలె తెల్లగ నుండుననియు, నిజాము నవాబులకు పోయెడిదనియు ప్రతీతి. ఈశాన్యమున జమ్మికుంట, పత్తి మార్కెట్టు, కాజీపేట–బల్లార్షా రైలుమార్గము అక్కడివి. ఆ చేరువనే ఇల్లందకుంట సీతారామస్వామి ఆలయము. దక్షిణముగ పోయినచో వంగర. 1991 నుండి 1996 వరకు ప్రధానమంత్రిగ నుండి, 2024లో మరణానంతరము భారతరత్న పొందిన పి.వి. నరసింహారావుగారి ఊరు. ఆవల ముల్కనూరు, అక్కడి సహకార గ్రామీణ బ్యాంకు 1956లో మొదలై, రైతుల సహకారమునకు దేశమున పేరు తెచ్చినది.

కోట యనగానే యువకుల మనస్సు మొలంగూరునకు పరుగెత్తును. కాని తొలియాత్రకు ఆ దారి తగదు. ఆ ప్రయాణములో హెచ్చుపాలు పెద్ద రహదారిమీదనే. 68 కిలోమీటర్ల కరీంనగరు–వరంగల్లు దారిని నాలుగు వరుసలుగ విస్తరించు పనికి 2023 జూలై 8వ తేదీన శంకుస్థాపన జరిగినది. దారి వెడల్పైనకొలది వాహనముల వేగమును పెరుగును; పని జరుగుచోట కంకర, మలుపుదారులు, ధూళి తప్పవు. రాళ్ళు మోయు లారీ ప్రక్కనుండి పోవునపుడు దాని గాలికే అలవాటు లేనివాని చేయి వణకును. చిన్న ఊళ్ళ మీదుగ పోవు దారులే క్రొత్తవారికి మేలు. రానుపోను 36 కిలోమీటర్లకు మించకుండిన చాలును. మొలంగూరు ఎచ్చటికిని పోదు. గుంపునకు కలసి నడచుట అలవడిన పిమ్మట చూడవచ్చును.

దారి నిర్ణయించిన తరువాత, యాత్రకు వారము ముందు ఇద్దరు పోయి చూచి రావలెను. సైకిలుమీదనే పోవలెను. మోటారుసైకిలుపై పోయి చూచి వచ్చినవాడు దారి చదునుగ నున్నదని చెప్పును. ఎత్తు ఎక్కడ మొదలగునో కాలికి తెలియునుగాని యంత్రమునకు తెలియదు. ఎక్కడ మంచినీరు దొరకును, ఎక్కడ పంచరు వేయువాడు కూర్చుండును, ఏ కూడలిలో దారి తప్పు భయము కలదు, పదిమంది కూర్చుండదగిన చింతచెట్టు నీడ ఎక్కడ నున్నది, ఏ ఊరి మొగదల కుక్కలు వెంటబడును, ఇవన్నియు వ్రాసికొని రావలెను. కాకతీయ కాలువ దాటుచోటును ప్రత్యేకముగ గుర్తింపవలెను. ఎండకు అలసినవానికి ఆ నీరు చూడగనే దిగవలెనని యుండును. సిమెంటు వేసిన ఆ గట్టు ఏటవాలుగ నుండి, పాచి పట్టి జారును. లోపల ప్రవాహము బలమైనది. దిగినవాడు మరల పట్టుకొని యెక్కుటకు ఆధారముండదు. ఈత వచ్చినవాడును దిగరాదు. దీనిలో మినహాయింపు లేదు.

కాలమునుగూర్చి హెచ్చుగ చెప్పనక్కర లేదు. ఎండకాలము పనికిరాదు; వానకాలమున మట్టిదారి చక్రములకు, మడ్‌గార్డులకు నడుమ బురదయై నిండును. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలు మంచివి. అందును కొన్ని దినములు విడువవలెను. సంక్రాంతికి కొత్తకొండ వీరభద్రస్వామి జాతర. ఆ దినములలో ముల్కనూరు దిక్కు దారులు జనముతో నిండును. రెండేండ్ల కొకమారు మేడారము జాతర వచ్చినపుడు కరీంనగరు దిక్కునుండి పోవు వాహనములు హుజూరాబాదు మీదుగనే సాగును. చలికాలపు తెల్లవారుజామున మంచు దట్టముగ నున్నచో సూర్యుడు కనబడువరకు ఆగుటయే తెలివి. అరగంట ఆలస్యమైన కొంప మునుగదు.

వరికోతల కాలపు దారినిగూర్చి వేరుగ చెప్పవలసి యున్నది. కోతలు కాగానే తారురోడ్డు సగము కల్లముగ మారును. వడ్లు ఆరబోసి, అంచులకు రాళ్ళు, మొద్దులు పెట్టుదురు. రైతునకు వేరు చోటు లేక చేయు పని యది. దానిని తప్పుపట్టుట తేలిక. సైకిలువాడు ఆ వడ్లపై తొక్కరాదు. ఒకటి, అది ఒకని ఆరునెలల కష్టము. రెండు, వడ్లపై చక్రము జారినంతగ ఇసుకపైనను జారదు. ఇక మిగిలిన సగము దారిలో ఎదురుగ లారీ వచ్చినచో, దిగి నిలిచి దారి విడువవలెను. దిగుట చిన్నతనమని తలచువాడు ఇంటివద్ద నుండుట మంచిది.

బండి సంగతి. పాత నల్ల సైకిలైనను, గేర్ల సైకిలైనను చూడవలసినవి ఒకటే. చక్రమును ఎత్తి త్రిప్పినపుడు అటునిటు ఊగుచున్నచో చువ్వలు వదులైనవి. బ్రేకు రబ్బర్లు అరిగి ఇనుము తగులుచున్నచో మార్పింపవలెను. చైనుకు నూనె పెట్టి, పైకి కారినది గుడ్డతో తుడువవలెను. తుడువనిచో దుమ్మునంతయు పట్టుకొనును. వెనుక చక్రమునకు బరువు హెచ్చు గనుక గాలియు హెచ్చుగ కావలెను. సీటు ఎత్తు చాలమంది తప్పుగ పెట్టుకొందురు. సీటుపై కూర్చుండి, మడమను క్రింది పెడలుపై ఉంచినపుడు కాలు నిటారుగ చాగవలెను. సీటు క్రిందుగ నున్నవాని మోకాళ్ళు పది కిలోమీటర్లకే పట్టుకొనును. ఆ లోపము సీటుదే, కాళ్ళది కాదు. ఈ పరీక్ష యాత్రకు ముందురోజు రాత్రి చేయునది కాదు. మూడు నాలుగు దినములు ముందుగ చేసినగాని మరమ్మతునకు వ్యవధి చిక్కదు.

గుంపు మొత్తమునకు ఒక సంచి చాలును. గాలిపంపు, రెండు పానాలు, టైరు ఎత్తు పలుగులు, రబ్బరు ముక్కలు, సొల్యూషను, గరుకు కాగితము, ఒక్కొక్క కొలత చక్రమునకు ఒక్కొక్క క్రొత్త ట్యూబు అందుండవలెను. పంచరు వేయుట కనీసము ముగ్గురకు తెలిసియుండవలెను. పల్లెదారులలో తుమ్మముల్లు, పల్లేరుకాయ చాల ఉండును. ట్యూబును నీటిలో ముంచి బుడగ లేచుచోటు గుర్తించుట, ఆరబెట్టి గరుకు కాగితముతో రుద్దుట, సొల్యూషను పూసి కొంచెమారనిచ్చి అంటించుట అందరును ఎరుగుదురు. టైరు లోపల వ్రేళ్ళు మెల్లగ త్రిప్పి, గ్రుచ్చుకొన్న ముల్లును వెదకి తీయుట మాత్రము మరతురు. ఆ ముల్లు అక్కడనే యుండగా వేసిన పంచరు ఫర్లాంగు దూరము నిలువదు.

తొక్కువారిని సిద్ధపరచుట బండిని సిద్ధపరచుటకంటె కష్టము. నెలదినములు ముందునుండి వారమునకు రెండుమూడు మారులు పది, పదునైదు కిలోమీటర్లు తొక్కుచుండవలెను. ఆడపిల్లలను విడిచిపెట్టు అలవాటునకు కారణము కనబడదు. తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో 1990ల మొదట అక్షరాస్యతా ఉద్యమముతోపాటు స్త్రీలకు సైకిలు నేర్పిరి. చదువు చెప్పుటకును, చదువుకొనుటకును వేలమంది స్త్రీలు ఊరినుండి ఊరికి సైకిళ్ళపై పోయిరి. అక్కడి పల్లెలలో జరిగినది ఇక్కడి పల్లెలలో జరుగరానిది కాదు. తల్లిదండ్రులకు ముందుగ దారి, వేళ, వెంటవచ్చు పెద్దలెవరు అను విషయములు తెలిపినచో సగము సందేహము తీరును. గుండెజబ్బు, ఆయాసము, చక్కెరవ్యాధి యున్నవారు వైద్యుని అడిగి, ఆ సంగతిని గుంపు పెద్దకు చెప్పి రావలెను.

గుంపు నడకకు కట్టుబాటు కావలెను. దారి ఎరిగినవాడొకడు ముందుండును. పంచరు తెలిసి, ఓపిక గలవాడొకడు చివర నుండును. చివరివానిని దాటి వెనుక ఎవ్వరును ఉండరాదు. ఈ రెండు పనులలో చివరిదే గొప్పది. గట్టివానిని ముందునకు పంపు అలవాటు తప్పు. జంటలుగ మాటలాడుచు పోరాదు. ఒకరి వెనుక ఒకరు, నడుమ రెండు సైకిళ్ళ యెడముతో పోవలెను. ఇరువదిమంది యున్నచో మూడు జట్లుగ విడిపోయి, జట్లకు నడుమ లారీ దూరుటకు చాలునంత చోటు వదలవలెను. గుంత వచ్చినచో ముందరివాడు కేకవేయును. ఆ మాటను వెనుకవారు అందుకొనవలెను. అందరి తలలకు హెల్మెట్లు, వెనుక మడ్‌గార్డునకు ఎర్రబిళ్ళ ఉండవలెను.

ఆగుచోట జరుగు అన్యాయమొకటి కలదు. గట్టివారు ముందు చేరి, చెట్టుక్రింద పది నిమిషములు కూర్చుండి చెమట ఆర్చుకొందురు. వెనుకవాడు రొప్పుచు వచ్చి కాలు నేలపై పెట్టగానే, అందరును వచ్చిరి గదా, పోవుద మందురు. అలసటలేని వారికి విశ్రాంతియు, అలసినవానికి ప్రయాణమును దక్కినవి! విశ్రాంతి కాలము కడపటివాడు దిగిన క్షణమునుండి లెక్కింపవలెను. దీనిని ముందుగనే అందరికి చెప్పి ఒప్పించవలెను. దారిలో చెప్పిన ఎవ్వరును వినరు.

గంటకు 12 కిలోమీటర్ల చొప్పున 36 కిలోమీటర్లకు తొక్కుడే మూడు గంటలగును. చూచుటకు, తినుటకు, విశ్రాంతికి, రెండు పంచరులకు మరి మూడు గంటలు కలుపవలెను. ఏడు గంటలకు బయలుదేరినచో ఒంటిగంటకు ఇల్లు. ఎవరి నీరు వారే తెచ్చుకొనవలెను. దప్పిక కాకముందే గ్రుక్కెడు గ్రుక్కెడుగ త్రాగవలెను. ఉప్పు వేసిన మజ్జిగ, అరటిపండ్లు, సకినాలు, సర్వపిండి దారికి మంచివి. బిర్యాని తిని ఎండలో సైకిలెక్కువాని యవస్థ చెప్పనలవి కాదు. త్రోవలో తాటివనము క్రింద గీతకార్మికులు పిలుతురు. వారి ఆదరమునకు నమస్కరించి ముందుకు సాగవలెను. ఇల్లు చేరిన తరువాత ఎవరి యిష్టము వారిది.

ముందురోజు సాయంకాలము అందరును తమ బండ్లతో గ్రంథాలయమువద్ద చేరవలెను. పేరు, ఇంటివారి ఫోను నంబరు ఒక కాగితముపై వ్రాసి, ఒక ప్రతి గ్రంథాలయమునందుంచి, మరియొకటి చివరివానికి ఇయ్యవలెను. ఫోనులో ఉన్నది గదా యనరాదు. పడినవాని ఫోను పగిలిపోవచ్చును. 108 అంబులెన్సుకు తామున్న చోటు చెప్పుటకు వీలుగ దారిలోని ఊళ్ళ పేర్లు వరుసగ అందరికిని తెలియవలెను. తిరిగి వచ్చిన పిమ్మట ఆ కాగితమున ఒక్కొక్క పేరునకెదురుగ చేరిన వేళ వ్రాయవలెను. కడపటి పేరునకెదురుగ వేళ పడువరకు గ్రంథాలయపు తలుపు మూయరాదు.