ఆటవిమానము - చేతిబరువు



కంప్యూటరు తెరమీద పోరువిమానము నడపు ఆటను మీ మనుమలు ఆడుచుండగా మీరు చూచియుందురు. బల్లమీద నొక పిడి యుండును. దానిని జాయ్‌స్టిక్ అందురు. సామాన్యమగు పిడిలోని స్ప్రింగు విమానవేగ మెంతయైనను ఒక్కతీరుగనే యెదురొత్తును. నిజమగు విమానమున నట్లు కాదు.

రెండవ ప్రపంచయుద్ధమునాటి పోరువిమానములలో పెక్కింటియందు పిడికిని, రెక్కలకు తోకకు అమర్చిన కదలుపలకలకును ఇనుపతీగెలు, కడ్డీలే సంబంధము. పలకను త్రిప్పగా గాలి దానిని వెనుకకు నెట్టును. ఆ నెట్టు చేతికి వచ్చును. వేగము రెట్టింపైనచో, పలకను అంతే త్రిప్పుటకు నాలుగురెట్లు బలము కావలెను. మేడి పట్టిన చేతికి నేల గట్టిదనము తెలిసినట్లు, పిడి పట్టిన చేతికి గాలి తెలియును.

1942 లో అలాస్కాలోని అకుటాన్ దీవియందు జపానువారి జీరో విమాన మొకటి అమెరికావారికి చిక్కెను. బాగుచేసి యెగురవేసి చూడగా, మెల్లగా పోవునపుడు చురుకుగ తిరుగు నా విమానము, మిక్కిలి వేగమున పోవునపుడు పిడి బిగిసి పక్కకు మెల్లగనే దొరలునని తేలెను. వేగముగ క్రిందికి దుమికి పక్కకు దొరలినచో దానినుండి తప్పించుకొనవచ్చునని వైమానికులకు బోధించిరి. చేతిబరువు ప్రాణములతో ముడివడినదే కదా!

ఈ బరువు లేని ఆటలో బాలుడు రెండు వ్రేళ్ళతో చేయు పనిని ఆనాటి వైమానికుడు రెండు చేతులతోను చేయజాలకుండెను. కావుననే కొన్ని మంచి ఆటలలో మనుష్యబలమునకు హద్దు పెట్టి, వేగము మీరినపుడు పిడి నెంత లాగినను తెరమీది పలక కొంచెమే కదలునట్లు చేసిరి. మోటారుతో చేతికి నిజముగనే యెదురొత్తు పిడులును కలవు.

మనుమడు శత్రువిమానమును కూల్చితినని సంతసించునపుడు, నీ చేతికి బరువు తెలిసెనా యని యడుగుడు. శ్రమ తెలియని గెలుపు సగము విద్యయే.